లాడం లేని గిట్టలు: కచ్ ఎడారి నుంచి బ్రహ్మపుత్ర లంకల దాకా

మా తాత గుంటూరు రైల్వే స్టేషన్ ముందు జట్కా తోలేవాడు. వేసవి సెలవుల్లో ఆయన పక్కన కూర్చుని ఊరంతా తిరిగేవాణ్ణి. అప్పట్లో నాకు తెలిసిన గుర్రానికి కళ్ళకు గంతలు, నోట్లో కళ్ళెం, గిట్టలకు లాడాలు ఉండేవి. బేరం లేనప్పుడు సంచిలో మూతి పెట్టి ఉలవలు నమిలేది. ఇవేవీ లేని గుర్రాన్ని, అది తిరిగే చోటే ఫొటో తీయాలన్న కోరిక నలభై దాటాక పట్టుకుంది. రెండేళ్ళలో మూడు చోట్లకు వెళ్ళొచ్చాను. విజయవాడ నుంచి వెళ్ళాలనుకునే వాళ్ళకు ఏ చోటు ఎలా ఉంటుందో, బస ఎలా ఉంటుందో, డబ్బు ఎక్కడ పెట్టాలో చెబుదామని రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. అసలైన అడవి గుర్రం మన దేశంలో లేదు. ఆ పేరుకు తగినది మంగోలియాలోని ప్రెవాల్‌స్కీ గుర్రం. 1969 తర్వాత అది అడవిలో కనిపించలేదు. జంతు ప్రదర్శనశాలల్లో మిగిలిన వాటిని పెంచి, 1992 నుంచి మళ్ళీ అక్కడి గడ్డి మైదానాల్లో వదిలారు. మన దగ్గర ఉన్నవి రెండు రకాలు. ఒకటి గుర్రం కుటుంబానికే చెందిన కచ్ అడవి గాడిద. రెండోది ఒకప్పుడు మనుషుల దగ్గర పెరిగి, మచ్చిక తప్పి, తరాలుగా అడవిలోనే బతుకుతున్న గుర్రం. నాకు ఈ రెండూ చూడాలనిపించింది.

మొదటి ప్రయాణం 2023 డిసెంబరులో, అడవి గాడిదల కోసం గుజరాత్‌లోని కచ్ చిన్న రణ్‌కు. నాతో మా బావ వచ్చాడు. విజయవాడలో సాయంత్రం నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాటికి అహ్మదాబాద్ చేరతాం. అక్కడి నుంచి విరంగాం మీదుగా దసాడా వైపు కారులో రెండు గంటల ప్రయాణం. పెద్ద లెన్స్ కొనే స్తోమత లేక 150-600 ఎంఎం జూమ్ లెన్స్ ఒకటి అద్దెకు తీసుకున్నాను. దాని బరువు చేతికి అలవాటు కావడానికి అంతకుముందు రెండు ఆదివారాలు ఉప్పలపాడు వెళ్ళి, చెరువు మీద ఎగిరే గూడబాతుల్ని తీశాను. ఆ పని అందరూ చేయాలని చెబుతాను. అంత దూరం వెళ్ళి అక్కడ లెన్స్ నేర్చుకుందాం అనుకుంటే సగం ట్రిప్ దానికే పోతుంది.

రణ్ అంటే కనుచూపు మేరా బీటలు తీసిన ఉప్పు నేల. మధ్యలో ఎత్తుగా గడ్డి మొలిచిన దిబ్బలు ఉంటాయి, వాటిని బెట్ అంటారు. అడవి గాడిదలు మేసేది ఆ బెట్‌ల మీదా, చుట్టూ ఉన్న సర్కారు తుమ్మ పొదల దగ్గరా. మన పల్నాడులో చేలను మింగేసిన తుమ్మే ఇది. కాయలు తిన్న గాడిదలు పేడతో గింజల్ని ఊరూరా నాటుతున్నాయని అక్కడి రైతులు బాధపడతారు. ఇంకో సంగతి తెలిశాక వాటిని చూసే చూపే మారిపోయింది. 1960 ప్రాంతంలో సర్రా, ఆఫ్రికన్ హార్స్ సిక్‌నెస్ అనే జబ్బులు వచ్చి ఈ మందలు కుప్పకూలాయి. 1969 లెక్కల్లో 362 మాత్రమే మిగిలాయి. 2024 లెక్కల్లో 7,672. ప్రపంచం మొత్తం మీద ఈ రకం అడవి గాడిద దొరికేది ఈ ప్రాంతంలోనే.

మొదటి రోజు జీపు మేం దిగిన బస వాళ్ళే ఏర్పాటు చేశారు. దాని గురించి చెప్పాలంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. పదిహేను గాడిదల మంద కనిపించగానే డ్రైవర్ జీపును దాని వెంట ఉరికించాడు. పరిగెడితేనే ఫొటో బాగుంటుందట, వచ్చేవాళ్ళంతా అదే అడుగుతారట. మందలో మూడు నాలుగు నెలల పిల్ల ఒకటి ఉంది. తల్లి దాన్ని విడిచిపెట్టలేక, పరిగెత్తలేక నానా అవస్థ పడింది. బావ ముందుకు వంగి, "ఆపవయ్యా ముందు, ఆపు" అని గట్టిగా అరిచాడు. డ్రైవర్‌కు తెలుగు అర్థం కాకపోయినా గొంతు అర్థమైంది. ఆ రోజు తీసిన ఫొటోల్లో ప్రతి జంతువు చెవులూ వెనక్కి అతుక్కుని ఉన్నాయి. అన్నీ చెరిపేశాను.

చెవుల సంగతి తాత చెప్పిందే. చెవులు ముందుకు నిలబడి నీ వైపు తిరిగితే అది నిన్ను కనిపెట్టింది. వెనక్కి అతుక్కుంటే భయమో కోపమో. చెవులు చెరో పక్కకు వదులుగా వాలి, వెనక కాలు ఒకటి గిట్ట కొన మీద ఆనించి నిలబడితే దానికి నీ మీద నమ్మకం కుదిరినట్టు. స్టేషన్ ముందు తాత గుర్రం మధ్యాహ్నమంతా అలాగే నిలబడేది. అప్పటి నుంచి నాకు కావలసిన ఫొటో ఏదో స్పష్టమైంది. ఆ వదిలేసిన కాలు కావాలి. ఏ బస మంచిదో, ఏ డ్రైవర్ మంచివాడో కూడా దానితోనే తూచాను.

రెండో రోజు ఊళ్ళో విచారించి వేరే జీపు మాట్లాడుకున్నాం. డ్రైవర్‌కు అరవై ఏళ్ళు ఉంటాయి, మితభాషి. మందకు రెండు వందల అడుగుల దూరంలో, గాలి మా నుంచి వాటి వైపు వీచకుండా చూసి బండి ఆపేశాడు. ఇంజన్ కట్టేసి, దిగొద్దని వేలు చూపించి, పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. ఇరవై నిమిషాలకు అవే మేసుకుంటూ దగ్గరికి వచ్చాయి. ఇసుక రంగు వీపు, తెల్లటి పొట్ట, మెడ నుంచి తోక దాకా నల్లటి గీత, దానికి తెల్లటి అంచు. జూలు గుర్రానికిలా వేలాడదు, బ్రష్ లాగా నిలబడి ఉంటుంది. జీపు తలుపు కింది సందులోంచి లెన్స్ పెట్టి తీశాను. ఎత్తు నుంచి తీస్తే నేలలో కలిసిపోతాయి, వాటి కంటి ఎత్తుకు దిగితే వెనక ఆకాశం వస్తుంది.

ఒకటి రెండు సాంకేతిక విషయాలు. ఉప్పు నేల తెల్లదనానికి కెమెరా మోసపోయి ఫొటోను నల్లబరుస్తుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా, అంటే వెలుతురు రెట్టింపయ్యేలా, పెంచుకోవాలి. పొద్దున తొమ్మిదిన్నర దాటితే నేల వేడెక్కి గాలి అలలు కొడుతుంది. ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా కాళ్ళు నీళ్ళలో తేలినట్టు వస్తాయి. ఎండమావిని ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు. అందుకని సూర్యుడు లేచిన మొదటి రెండు గంటలు, దిగే ముందు గంటన్నర, అంతే. డిసెంబరులో అక్కడ పొద్దు పొడిచేది ఏడు దాటాకే. ధూళి మెత్తటి పిండిలా ఉంటుంది కాబట్టి బయట లెన్స్ మార్చవద్దు.

బస సంగతి: గుండ్రటి మట్టి గుడిసెల్లాంటి గదులు, శుభ్రంగానే ఉన్నాయి. సజ్జ రొట్టె, కఢీ, మజ్జిగ బాగున్నాయి. పప్పులో బెల్లం వేయడం మాత్రం బావకు సహించలేదు, మూడు రోజులూ కందిపొడితో గట్టెక్కాడు. గదికి మంచి మార్కులే వేస్తాను. కానీ జంతువుల్ని తరిమే డ్రైవర్‌ను పెట్టుకున్న చోటికి మళ్ళీ వెళ్ళను. బుక్ చేసే ముందు ఫోన్ చేసి, "మీ జీపులు మంద వెంట పడతాయా, ఆగి చూపిస్తాయా?" అని అడగండి. జవాబు చెప్పే తీరులోనే తెలిసిపోతుంది. వర్షాకాలంలో రణ్ నీట మునుగుతుంది, అప్పుడు అభయారణ్యం మూసి ఉంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది.

ఇక రెండో ప్రయాణం. 2025 జనవరి, అస్సాంలోని దిబ్రూ-సైఖోవా. నిజం చెప్పాలంటే ఈ వ్యాసం దీని కోసమే మొదలుపెట్టాను.

కన్యాకుమారి నుంచి దిబ్రూగఢ్ వెళ్ళే వివేక్ ఎక్స్‌ప్రెస్ మన విజయవాడ మీదుగానే వెళ్తుంది. నాలుగు వేల కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో మనం ఎక్కేది నడుమ. అయినా తిన్సుకియాలో దిగడానికి రెండు రోజులకు పైనే పట్టింది. పులిహోర మొదటి రోజుకు, చపాతీలు రెండో రోజుకు కట్టించుకోండి, ఆ తర్వాత దొరికింది తినాలి. తిరుగు ప్రయాణం దిబ్రూగఢ్ నుంచి విమానంలో చేశాం. సెలవు తక్కువుంటే రెండు వైపులా విమానమే మేలు.

తిన్సుకియా నుంచి పది పన్నెండు కిలోమీటర్లు వెళ్తే గుయిజాన్ రేవు. అడవిశాఖ అనుమతి అక్కడే తీసుకుని పడవ ఎక్కాలి. ఉత్తరాన బ్రహ్మపుత్ర, లోహిత్, దక్షిణాన దిబ్రూ నది. మధ్యలో 340 చదరపు కిలోమీటర్ల జాతీయ పార్కు. దీనికి రోడ్డు లేదు, జీపు లేదు. నది పేర్చిన ఇసుక లంకల్ని వాళ్ళు చాపొరి అంటారు. నాకు అవి కృష్ణ లంకల్లాగే కనిపించాయి, అదే రెల్లు జాతి గడ్డి, అదే తడి ఇసుక. ఒక్కో లంక మాత్రం ఎంత పెద్దదంటే అవతలి ఒడ్డు కనపడదు.

ఈ లంకల్లో తిరిగే మచ్చిక తప్పిన గుర్రాల కథ అక్కడ ఎవర్ని అడిగినా చెబుతారు. రెండో ప్రపంచ యుద్ధంలో తిన్సుకియా చుట్టూ సైనిక శిబిరాలు ఉండేవి. దగ్గర్లోని దింజాన్ విమానాశ్రయం నుంచి కూడా హిమాలయాల మీదుగా చైనాకు సరుకులు వెళ్ళేవి. ఆ శిబిరాల గుర్రాల్లో విడిచిపెట్టినవో, తప్పించుకున్నవో లంకల్లో చేరాయి. 1950 ఆగస్టు 15 నాటి భూకంపం నదుల దారుల్నే మార్చేసింది. తర్వాత ఏటా వరదలే. వీటన్నిటినీ తట్టుకుని నిలబడిన గుర్రాల మనవలూ మునిమనవలే ఇవి. దాణా వేసేవాళ్ళు లేరు, లాడం కొట్టేవాళ్ళు లేరు.

పడవాయన హిందీ నా హిందీ లాంటిదే, అందుకే బాగా కుదిరింది. రెండు రోజులు ఏమీ కనిపించలేదు. మొదటి రోజు మంచు కమ్మింది, పది గంటల దాకా పడవ ముందు కొసే కనపడలేదు. రెండో రోజు నది డాల్ఫిన్లు రెండుసార్లు వీపు చూపించాయి, కొంగలు, బాతులు బోలెడు కనిపించాయి. గుర్రాలు లేవు. కానీ ఒక లంక అంచున పడవాయన పడవ ఆపి ఇసుక చూపించాడు. గిట్టల గుర్తులు. చిన్నప్పుడు వానాకాలం బురదలో తాత గుర్రం అడుగులు చూసేవాణ్ణి, ప్రతి గుర్తు చుట్టూ ఇనుప అంచు లోతుగా పడేది. వీటికి ఆ అంచు లేదు. గుండ్రంగా, మధ్యలో మెత్తటి మెట్టతో, మట్టి మీద ఎవరో చెయ్యి ఆనించినట్టు ఉన్నాయి. వాటిని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఫొటో తీశాను కానీ, అప్పుడు అనిపించింది అందులో లేదు.

మూడో రోజు తెల్లవారక ముందే బయల్దేరాం. లంక ఇంకా దూరంగా ఉండగానే పడవాయన మోటారు ఆపేసి గెడ వేసి నెట్టాడు. మంచు పలచబడుతుంటే ముందు సకిలింపు వినిపించింది, తర్వాత రూపాలు తేలాయి. తొమ్మిది. మన పెళ్ళి ఊరేగింపుల గుర్రాల కంటే పొట్టివి, గోధుమ రంగు, బూడిద రంగు, ఒకటి దాదాపు నలుపు. జూలు చిక్కులు పడి గడ్డిగింజలు అంటుకుని ఉంది. ముసలి ఆడగుర్రం ఒకటి ముందు నడుస్తోంది, మగది అందరికంటే వెనక, మాకూ మందకూ మధ్యలో నిలబడింది. బావ చెవిలో, "దిగి ఆ గట్టు దాకా పాకుతూ వెళ్దామా?" అన్నాడు. పడవాయనకు అర్థమై తల అడ్డంగా ఊపాడు. దిగితే మళ్ళీ వారం దాకా ఈ లంక మీద కనిపించవన్నాడు.

కదలకుండా ఉన్నాం. కదిలే పడవలో స్టాండ్ పనికిరాదు, మోకాలి మీద మోచెయ్యి ఆనించి, షటర్ వేగం 1/1000 సెకనుకు తగ్గకుండా పెట్టాను. వెలుతురు చాలక ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురును అందుకునే శక్తి, పెంచాల్సి వచ్చింది. ఫొటోలో గరుకుదనం ఉన్నా ఫరవాలేదు, వణుకు ఉంటే పనికిరాదు. అరగంట తర్వాత మగది తల దించింది. చెవులు పక్కకు వాలాయి. వెనక ఎడమ కాలు వదిలేసింది. ఆ ఒక్క ఫొటోయే మా అమ్మ ఇంట్లో, తాత ఫొటో పక్కన పెట్టాను.

అక్కడి బస వెదురు గదులు, దోమతెరలు. రాత్రి కరెంటు నమ్మలేం కాబట్టి బ్యాటరీలు మూడు, పవర్ బ్యాంకు ఒకటి తప్పనిసరి. చలిలోంచి గదిలోకి వచ్చాక కెమెరాను సంచిలోనే ఒక గంట ఉంచండి, లేకపోతే అద్దం చెమర్చుతుంది. అన్నం తినే ఊరు కావడంతో మనవాళ్ళకు ఇబ్బంది లేదు. పుల్లటి చేపల పులుసుకు మా గోంగూర పచ్చడి తోడైంది, వంటామె ఒక సీసా అడిగి ఉంచుకుంది. సాయంత్రం నాలుగున్నర దాటితే వెలుతురు జారిపోతుంది, మన టైముతో ప్లాన్ వేసుకోవద్దు. ఆన్‌లైన్‌లో ఒక ట్రావెల్స్‌కు అడ్వాన్సు కట్టాం. ఇద్దరికే పడవ అని చెప్పి, తీరా వెళ్ళాక మరో ఆరుగుర్ని ఎక్కించబోయారు. గొడవ పడితే సగం డబ్బే వెనక్కి వచ్చింది. నేరుగా రేవులో మాట్లాడుకోవడమే నయం, కనీసం నాలుగు పూటలకు. ఒక్క పూటకు వెళ్ళి గుర్రాలు కనిపించలేదని తిట్టుకోవడం న్యాయం కాదు.

అక్కడ నన్ను కలవరపెట్టింది ఒకటుంది. పార్కు పక్కనే బాఘ్‌జాన్‌లో 2020 మే 27న గ్యాస్ బావి పేలింది, జూన్ 9న నిప్పంటుకుంది, నవంబరు దాకా ఆరలేదు. పక్కనున్న మాగురి బీల్ అనే పెద్ద చెరువు నూనె మయమైంది. పడవాయన ఆ వైపు చూపించి, ఆ రోజుల్లో రాత్రిళ్ళు కూడా పగల్లాగే ఉండేవన్నాడు. ఇంకేమీ అనలేదు.

రెండింటిలో ఏది ముందు అంటే, పిల్లలతో వెళ్ళేవాళ్ళు, మొదటిసారి పెద్ద లెన్స్ పట్టేవాళ్ళు రణ్‌కు వెళ్ళండి. అక్కడ జంతువులు కనిపించడం ఖాయం. ఓపిక ఉండి, ఖాళీ చేతులతో తిరిగి రావడానికి సిద్ధపడేవాళ్ళకు అస్సాం.

అంత సెలవు లేనివాళ్ళకు తమిళనాడులో వేదారణ్యం దగ్గరి కోడియక్కరై ఉంది. చెన్నై నుంచి ఒక రాత్రి ప్రయాణం. కృష్ణజింకలకు పేరుపడ్డ అభయారణ్యం, వాటి మధ్యే మచ్చిక తప్పిన పొట్టి గుర్రాలు మేస్తుంటాయి. వేదారణ్యంలో మామూలు లాడ్జి, మామూలు భోజనం. నేను ఒక్క సాయంత్రమే ఉన్నాను. ఉప్పు గాలికి లెన్స్ మాటిమాటికీ తుడుచుకోవాల్సి వచ్చింది. పొద్దుగూకే వేళకు సముద్రం వైపు గడ్డిలో ఒక గుర్రం ఒంటరిగా నిలబడింది. వెనక కాలు వదిలేసి ఉంది. వెలుతురు పోయాక కెమెరా సంచిలో పెట్టి చూస్తూ కూర్చున్నాను. చీకటి పడే దాకా అది కాలు మార్చలేదు.