పగడపు దిబ్బల కార్డుల ఆట: ఎవరి దిబ్బ వారిదా, అందరిదీ ఒకటేనా?

పగడపు దిబ్బల మీద, సైన్సులో తప్పుల్లేకుండా ఒక కార్డుల ఆట తయారుచేద్దామని కూర్చుంటే మొదట తేల్చుకోవాల్సింది ఇదే. ఎవరి దిబ్బ వాళ్లు కట్టుకుని పాయింట్లు లెక్కేసుకోవాలా? బల్ల మధ్యలో ఒకటే దిబ్బ పరిచి అందరూ కలిసి కాపాడాలా? అట్టముక్కలు కత్తిరించి, బొమ్మలు గీసి, రెండు రకాలుగానూ పిల్లలతో ఆడి చూశాను.

ఎవరి దిబ్బ వారిదైతే ఆట రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. ఏ కార్డు పక్కన ఏది పెడితే ఎన్ని పాయింట్లో తెలిస్తే చాలు. జీవుల మధ్య పొత్తు చెప్పడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. క్లౌన్ ఫిష్ అనే చేపకు పక్కన, అది దాక్కునే సీ అనిమొనీ అనే జంతువు ఉండాలి. పగడానికి కింద జూజాంథెల్లే అనే నాచు కార్డు ఉండాలి, లేకపోతే సున్నా. చూడ్డానికి రాయిలా ఉన్నా పగడం జంతువే. దానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా, దాని ఒంట్లోనే కాపురముండే ఆ సూక్ష్మమైన నాచు ఎండతో తయారుచేసి పెడుతుంది. రెండు కార్డులూ కలిస్తేనే పాయింట్లు అనేసరికి ఈ సంగతి పిల్లలకు విడిగా చెప్పక్కర్లేకపోయింది.

చిక్కల్లా సీ అర్చిన్ దగ్గర వచ్చింది. ఒళ్లంతా ముళ్లతో రాళ్ల మీది నాచు గీక్కుని తినే ఆ జీవికి ఒకే ఒక్క పాయింటు పెట్టాను, షార్కుకు ఎనిమిది. అందరి కళ్లూ షార్కు మీదే. సీ అర్చిన్ చేతికొచ్చిన ప్రతివాళ్లూ దాన్ని పక్కవాళ్లకు తోసేశారు.

కరీబియన్ సముద్రంలో 1983-84లో ఏదో జబ్బు సోకి పొడుగు ముళ్ల సీ అర్చిన్లు 90 శాతానికి పైగా చచ్చిపోయాయి. జమైకా చుట్టూ నాచు మేసే చేపల్ని అప్పటికే విపరీతంగా పట్టేశారు. 1980లో వచ్చిన తుపాను దిబ్బల్ని విరగ్గొట్టింది. ఇక మేసేవాళ్లు లేక నాచు పగడాలను కమ్మేసింది. 1970ల చివర్లో అక్కడి దిబ్బల మీద సగానికి పైగా పరుచుకుని ఉన్న పగడం, 1990ల మొదట్లో అయిదు శాతం లోపుకు పడిపోయింది. నా ఆటలో అందరూ తోసేసిన ఒక్క పాయింటు కార్డు ఇదే. పిల్లలకు నేనే తప్పు నేర్పుతున్నానని బాధేసింది.

అందుకే ఉమ్మడి దిబ్బ వైపు మొగ్గాను. అందులో ప్రతి రౌండు చివరా నాచు కార్డుల్నీ, మేసేవాటినీ లెక్కపెడతాం. నాచు ఎక్కువైతే ఒక పగడం మీద నాచు కప్పేయాలి. నాచు మేసే చిలుక చేప, సీ అర్చిన్ ఎందుకో ఒక్క రౌండులోనే తెలిసిపోతుంది.

వేడి కార్డు వచ్చినప్పుడైతే బల్ల దగ్గర మాటలుండవు. నీళ్లు వేసవి గరిష్ఠం కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి, కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, పగడం తన ఒంట్లోని నాచును బయటకు నెట్టేస్తుంది. ఆటలో జూజాంథెల్లే కార్డు తీసేసి పగడాన్ని తిరగేస్తాం. వెనకంతా తెల్లగా ఉంటుంది. అది చావు కాదు, ఇంకా టైముంది. రెండు రౌండ్లు చల్లగా గడిస్తే మళ్లీ తిప్పుకోవచ్చు. ఈలోగా ఇంకో వేడి కార్డు పడితే పోయినట్టే. మొదట్లో వేడి కార్డుల్ని కట్టంతా సమంగా కలిపాను, అదీ సరికాదు. ప్రపంచమంతటా పగడాలు తెల్లబారింది 1998లో, 2010లో, 2014-17లో, మళ్లీ 2023 నుంచి. మధ్యలో తేరుకునే గడువు తగ్గిపోతోంది. అందుకని కట్టలో కిందికి వెళ్లేకొద్దీ వేడి కార్డులు దగ్గరదగ్గరగా పెట్టాను.

ఉమ్మడి ఆటకూ ఒక జబ్బుంది. బాగా తెలిసినవాడు ఒక్కడే అందరి ఆటా ఆడేస్తాడు. ఎవరి కార్డులు వారు దాచుకోవాలి, చూపించకూడదని రూలు పెడితే చాలావరకు సర్దుకుంది. ప్రశ్న-జవాబు కార్డుల సంగతంటారా, జవాబులు ఒకసారి నోటికొచ్చాక ఆ కట్ట అటకెక్కుతుంది.

మరీ చిన్నపిల్లలైతే, పది నిమిషాలే ఉంటే, మొదటి రకంతో కానివ్వండి. దిబ్బ ఎలా బతుకుతుందో చెప్పాలంటే మాత్రం ఉమ్మడి ఆటే మేలు. మొన్న ఒక పాప షార్కును వదిలేసి, సీ అర్చిన్‌ను మూడు రౌండ్లు చేతిలోనే పట్టుకుని కూర్చుంది. వేడి కార్డు పడి రెండు పగడాలు పోయి, ఆ ఖాళీలోకి నాచు రాబోతుంటే అప్పుడు దించింది. కొత్త పగడం పిల్లలు అతుక్కోవడానికి ఖాళీ రాయి ఉండాలి కదా, అంది.