నడుము నొప్పికి చేతి చికిత్స: తగ్గిందో లేదో దేనితో కొలవడం మేలు?

వెన్నెముకను చేతులతో నొక్కి, కదిలించి చేసే చికిత్స తర్వాత బల్ల మీద నుంచి లేవగానే నడుము తేలికపడినట్టు ఉంటుంది. ఆ తేలికనే కొలతగా తీసుకుని వారాల తరబడి తిరిగేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. కొత్తగా పట్టేసిన నడుము చాలామందికి ఆరు వారాల్లో దానంతటదే చాలావరకు సర్దుకుంటుంది. కాబట్టి మేలు చేసింది చెయ్యా, కాలమా అన్నది ఒక్క మనిషిని కొలిచి తేల్చలేం. కానీ తగ్గిందా లేదా అన్నది మాత్రం నిజాయితీగా కొలవవచ్చు.

వేళ్లతో తడిమి చెప్పే తీర్పును నేను లెక్కలోకి తీసుకోను. ‘ఈ పూస బిగుసుకుంది’ అని ఒకరు చెప్పినదానితో, తడిమి చూసిన మరొకరు తరచూ ఏకీభవించరు.

టేపు అంతకంటే నయం. షోబర్ పరీక్షలో, నడుము దిగువన రెండు సొట్టల మధ్య నుంచి 10 సెంటీమీటర్లు పైకి, 5 కిందికి గుర్తులు పెట్టి ముందుకు వంగమంటారు. ఆ 15 కనీసం 20 కావాలి. అయితే చక్కగా వంగుతూనే నొప్పితో నిద్రపట్టనివారు ఉన్నారు. వంపు పెరిగినంత మాత్రాన బతుకు సులువైనట్టు కాదు.

సున్నా నుంచి పది వరకు నొప్పికి ఒక అంకె చెప్పడం అన్నిటికన్నా తేలిక. రాత్రి నిద్రను బట్టి, మనసును బట్టి అది ఊగుతుంది. కనీసం రెండు అంకెలు తగ్గితేనే మార్పుగా చూడాలి.

నా ఓటు, రోజువారీ పనులకు నడుము ఎంత అడ్డొస్తోందో అడిగే ప్రశ్నావళికే. 1980 నాటి ఆస్వెస్ట్రీ ప్రశ్నావళిలో పది విభాగాలు ఉంటాయి. కూర్చోవడం గురించి అడిగేటప్పుడు గంటా, అరగంటా, పది నిమిషాలా అని మెట్లు మెట్లుగా అడుగుతుంది. నొప్పి తీవ్రంగా ఉండి పనులు ఆగిపోయినవారికి ఇది సరిపోతుంది. 1983 నాటి రోలాండ్–మోరిస్ ప్రశ్నావళిలో 24 వాక్యాలు ఉంటాయి. నడుము వల్ల సాక్సు తొడుక్కోవడం కష్టంగా ఉందా, మెట్లు నెమ్మదిగా ఎక్కుతున్నారా వంటివి. ఈ రోజుకు వర్తించేవాటికి టిక్కు పెడితే చాలు, ఎన్ని టిక్కులో అన్ని పాయింట్లు. లేచి తిరుగుతూ ఇబ్బంది పడేవారికి నేను దీన్నే ఇస్తాను. ఆస్వెస్ట్రీలో 100కి పది, రోలాండ్–మోరిస్‌లో 24కి అయిదు తగ్గితే ఆ మనిషికి తెలిసేంత మార్పు అని నిపుణులు సూచించారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 2004లో బ్రిటన్‌లో 1,334 మందితో జరిగిన పెద్ద అధ్యయనంలో, చేతి చికిత్స పొందినవారికి మామూలు వైద్యం కంటే రోలాండ్–మోరిస్‌లో మూడు నెలలకు సగటున 1.6, ఏడాదికి 1.0 పాయింటు మాత్రమే అదనంగా తగ్గింది. దాన్ని పైన చెప్పిన అయిదుతో పోల్చి కొట్టిపారేయకూడదు. అయిదు ఒక మనిషిలో ముందుకూ తర్వాతకూ ఉండే తేడా, 1.6 రెండు గుంపుల సగటుల మధ్య తేడా. లాభం చిన్నదే, కానీ లేకపోలేదు.

ఏ కాగితం ఎంచుకున్నా మొదటిసారి బల్ల ఎక్కకముందే నింపాలి. రెండోసారి బల్ల దిగిన వెంటనే కాదు, కొన్ని రోజులు మామూలు పనులు చేసుకున్నాక, పాత జవాబులు చూడకుండా నింపాలి.