ఫార్మా సిటీలో ఏడాది అప్రెంటిస్‌షిప్: ఆడిట్ ట్రైల్‌కి పెద్ద దండం

బీఎస్సీ కెమిస్ట్రీ అయ్యాక విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో, అంటే నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో, ఏడాది పాటు అప్రెంటిస్‌గా చేశాను. నాట్స్ (కేంద్రప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం) పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఎలా, కాంట్రాక్టు ఎలా అనేవి ఈపాటికి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. ఏడాదంతా అయ్యాక వెనక్కి తిరిగి చూసుకుంటే నాకు అన్నిటికంటే నచ్చింది, క్యూసీలో అందరూ తిట్టుకునే రాతపని, దానికి తోడుండే ఆడిట్ ట్రైల్, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో, ఏం మార్చారో సాఫ్ట్‌వేర్ దానంతటదే రాసిపెట్టుకునే చిట్టా. నవ్వకండి, కారణం ఉంది.

మొదట్లో నేనూ తిట్టుకున్నదాన్నే. కాలేజీలో రికార్డు అంటే ఏంటి? ప్రాక్టికల్స్ ముందు రోజు రాత్రి కూర్చుని, పక్కవాళ్ల రీడింగులకి అటో ఇటో పాయింట్ వన్ మార్చి నింపేది. ఇక్కడ అలా కుదరదు. వర్క్‌షీట్ క్యూఏ (రికార్డులు, పద్ధతులు సరిచూసే విభాగం) వాళ్లు నంబరు వేసి, ముద్ర కొట్టి ఇస్తారు. ఒక కాగితం పాడైతే చించి పారేయడానికి లేదు, పాడైన కాగితాన్ని కూడా లెక్క చెప్పి తిరిగివ్వాలి. తప్పు పడితే ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వెయ్యాలి. కొట్టేసిన అంకె కింద కనబడుతూనే ఉండాలి. వైట్‌నర్ మాట ఎత్తితే ల్యాబ్‌లో అందరూ తిరిగి చూస్తారు. తూకం రాసుకోవడానికి చేతికి కాగితం అందక గ్లోవ్ మీద అంకె రాసుకున్న ఒకబ్బాయికి ఆ రోజు పడిన చీవాట్లు నాకింకా గుర్తే. ఆడిటర్లు చెత్తబుట్టలు కూడా వెతుకుతారట.

నాకు పని నేర్పిన సీనియర్ అన్నయ్యది శ్రీకాకుళం వైపు. బ్యాలెన్స్ దగ్గర నిలబడి ఎప్పుడూ ఒకటే మాట: "ఏటమ్మా, టైమ్ రాసీసేవా? ముందు రాసీ, తర్వాత మిగతాది." సోనికేటర్‌లో (శాంపిల్‌ని ధ్వని కంపనాలతో కరిగించే నీళ్ల తొట్టి) పెట్టిన టైమ్, తీసిన టైమ్, బఫర్ పీహెచ్ చూసిన టైమ్, మొబైల్ ఫేజ్ 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టిన టైమ్. పని తక్కువ, పద్దు ఎక్కువ అనిపించేది. ఇందులో కెమిస్ట్రీ ఎక్కడుందని పిన్నితో గొణిగేదాన్ని.

ఇక అసలు సంగతి. దసరా దాటాక నాకు హెచ్‌పీఎల్‌సీలో (ద్రావణంలో కలిసినవాటిని విడదీసి కొలిచే యంత్రం) రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్ టెస్టుకి, అంటే మందులోని మలినాలు కొలిచే టెస్టుకి, అనలిస్ట్ క్వాలిఫికేషన్ ఇచ్చారు, అంటే ఆ టెస్టు సొంతంగా చేసే అనుమతి. ఇచ్చిన కొన్నాళ్లకే, రాత్రంతా రన్ అయిన సీక్వెన్స్‌ని (వరసగా పెట్టిన ఇంజెక్షన్లని) పొద్దున్న ప్రాసెస్ చేస్తే, ఒక బ్యాచ్‌ గ్రాఫ్‌లో మందుకి లేచే మెయిన్ పీక్ దాటాక ఎప్పుడూ లేని చిన్న పీక్ కనబడింది. 0.14 శాతం. పేరు తెలియని ఇంప్యూరిటీకి మా లిమిట్ 0.10. పాత బ్యాచ్‌లలో ఆ చోట దాదాపు చదునుగా ఉండేది. అంటే ఓఓఎస్, స్పెసిఫికేషన్ దాటిన ఫలితం. అది కూడా అప్రెంటిస్ చేతి మీద.

బయటివాళ్లకి అర్థం కావాలంటే ఒక మాట చెప్పాలి. ఇలా వచ్చినప్పుడు ఇంకోసారి చేసేసి, మంచి ఫలితం వస్తే అది రాసుకుందామంటే కుదరదు. అమెరికాలో 1993లో బార్ ల్యాబొరేటరీస్ కేసు తీర్పు వచ్చినప్పటి నుంచి దీని మీద పట్టు బిగిసింది. పాసయ్యేదాకా పరీక్షిస్తూ పోవడం చెల్లదని కోర్టు తేల్చింది. 2006లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద గైడెన్స్ కూడా ఇచ్చింది. అమెరికాకి మందు అమ్మే ఏ కంపెనీ అయినా ముందు ల్యాబ్‌లో తప్పు జరిగిందా అని కారణంతో సహా తేల్చాలి. జరగలేదంటే ప్రొడక్షన్ వైపు వెళ్లాలి.

కాగితం మీద అంతే. మనుషుల మధ్య మాత్రం మొదట చూపు ఎటు తిరుగుతుందో మీకు తెలుసు. "నువ్వు చేసిన శాంపిలే కదమ్మా?" అని మొదలైంది. ఫ్లాస్క్ సరిగ్గా కడిగారా? సోనికేటర్‌లో ఎక్కువసేపు వదిలేశావా, నీళ్లు వేడెక్కి శాంపిల్ పాడైందేమో? కలిపి పెట్టి ఆలస్యంగా ఇంజెక్ట్ చేశావా? పీక్‌ని చేత్తో ఇంటిగ్రేట్ చేశావా, అంటే దాని వైశాల్యం సాఫ్ట్‌వేర్‌కి వదలకుండా నువ్వే గీత గీసి లెక్కకట్టావా? ప్రొడక్షన్ నుంచి వచ్చిన ఒకాయన నా వంక కూడా చూడకుండా "ట్రైనీలకి ఇస్తే ఇంతే" అన్నారు.

నేను ఒక్క దానికీ నోటితో జవాబు చెప్పక్కర్లేకపోయింది. బ్యాలెన్స్ ప్రింట్ మీద తూకం, టైమ్ ఉన్నాయి. సోనికేటర్ లాగ్‌బుక్‌లో పెట్టిన నిమిషం, తీసిన నిమిషం ఉన్నాయి, అవి వర్క్‌షీట్‌తో సరిపోయాయి. ఇంజెక్షన్ ఎప్పుడు మొదలైందో సాఫ్ట్‌వేరే చెప్పింది. ఆడిట్ ట్రైల్ తీస్తే ఇంటిగ్రేషన్ అప్రూవ్ అయిన మెథడ్‌తో దానంతటదే అయింది, మళ్లీ ప్రాసెస్ చేసిన ఆనవాలు లేదు. బ్లాంక్‌లో, అంటే మందు కలపని ఉత్త డైల్యుయెంట్ (ద్రావకం)లో, ఆ పీక్ లేదు. అదే డైల్యుయెంట్‌తో, అదే సీక్వెన్స్‌లో నడిచిన ఇంకో బ్యాచ్‌లోనూ లేదు.

ఇక్కడే నేను వెతుక్కుంటున్న కెమిస్ట్రీ దొరికింది. శాంపిల్ ద్రావణంలో ఉండగా విరిగిపోతూ ఉంటే, గంటలు గడిచేకొద్దీ ఆ పీక్ పెరగాలి. ఓఓఎస్ తేలేదాకా ద్రావణాలు పారబోయకూడదు కాబట్టి అదే వయల్‌ని (శాంపిల్ ఉన్న చిన్న సీసాని) మళ్లీ ఇంజెక్ట్ చేశారు. రాత్రి ఎంత ఉందో పొద్దున్నా అంతే ఉంది. ముందు కలిపిన చిక్కటి స్టాక్ ద్రావణం నుంచి కొత్తగా డైల్యూట్ చేసినా అంతే. అంటే అది నా ఫ్లాస్క్‌లో పుట్టింది కాదు, పొడితో పాటే వచ్చింది. రియాక్షన్ రేటు గురించి మూడేళ్లు చదివాను కానీ అది నా తరఫున సాక్ష్యం చెబుతుందని అనుకోలేదు.

చివరికి ప్రొడక్షన్ బ్యాచ్ రికార్డు తెరిస్తే, వాక్యూమ్ సరిగ్గా అందక తేమ దిగలేదని, ఆ బ్యాచ్‌ని డ్రైయర్‌లో అదనంగా గంటల కొద్దీ ఉంచారని అక్కడి కెమిస్ట్ ఒకాయన రాసి పెట్టి ఉన్నారు. వేడిలో ఎక్కువసేపు ఉండి కొంత విరిగింది. బ్యాచ్ రీప్రాసెస్‌కి వెళ్లింది. ఆ కెమిస్ట్ ఎవరో నాకు తెలియదు, నైట్ షిఫ్ట్ ఆయనట. ఆయన ఆ రెండు లైన్లు రాయకపోయి ఉంటే దర్యాప్తు ఇంకెన్నాళ్లు సాగేదో.

రిపోర్టులో నా గురించి ఒక్కటే వాక్యం: ల్యాబ్‌లో లోపం ఏదీ కనబడలేదు. క్షమాపణలు అవీ ఎవరూ చెప్పలేదు. పైగా ముందుజాగ్రత్త పేరుతో సెక్షన్ మొత్తానికి శాంపిల్ తయారీ మీద మళ్లీ ట్రైనింగ్ పెట్టారు, అందులో నేనూ కూర్చుని సంతకం పెట్టాను. అయినా ఆ వాక్యం చదువుకున్నప్పటి సంతోషం డిగ్రీ ఫలితాలప్పుడు కూడా లేదు. కొత్తగా చేరిన పిల్ల మాట, పదేళ్ల సీనియర్ మాట ఒకే తూకంలో తూగే చోటు ఇంకెక్కడైనా ఉందేమో, నాకైతే తగల్లేదు.

అలాగని మొత్తం ఏడాదికి ఇదే రంగు పూయను. చేరిన కొత్తలో మా కాలేజీ జూనియర్లకి ఇన్‌స్ట్రుమెంట్ల గురించి తెగ ఊరించి చెప్పాను. హెచ్‌పీఎల్‌సీలు, జీసీలు, కార్ల్ ఫిషర్ అన్నీ ఉన్న మాట నిజమే. వాటి మీద చెయ్యి పడేసరికి సగం ఏడాది గడిచింది. అంతదాకా గ్లాస్‌వేర్, బఫర్లు, ఎల్‌ఓడీ (ఆరబెట్టి తేమ కొలిచే టెస్టు), లేబుళ్లు. ఇంకోటి, మెథడ్‌లో ఉన్నట్టు చెయ్యాలి తప్ప ఎందుకని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. బఫర్ పీహెచ్ 3.0 ఎందుకు, 4.5 ఎందుకు కాదు అని అడిగితే "మెథడ్‌లో అలా ఉంది" అనేదే జవాబు. నేను పొగిడిన రాతపనికి కూడా ఇంకో ముఖం ఉంది. టైమ్ తప్పు పడుతుందేమో అన్న భయంతో పీక్ ఆకారం చూడటం మర్చిపోయేవాళ్లు ఉన్నారు. కొత్త మాలిక్యూల్ చేద్దామని, రియాక్షన్లు పెడదామని కలలు కనేవాళ్లకి క్యూసీ నిరాశే. ఇక్కడ ఇంకొకరు చేసిందాన్ని కొలవడమే పని.

డబ్బు సంగతి. 2019లో సవరించిన రూల్స్ ప్రకారం నేను చేసినప్పుడు డిగ్రీ అప్రెంటిస్‌కి కనీస స్టైపెండ్ నెలకి 9,000 ఉండేది, నాకు వచ్చింది అదే. గాజువాకలో పిన్ని వాళ్లింట్లో ఉన్నాను, కంపెనీ బస్సు వీధి చివరే ఆగేది, మధ్యాహ్నం క్యాంటీన్ భోజనం. అందుకని నాకు సరిపోయింది. రూమ్ అద్దె కట్టుకుంటూ అయితే ఇంటి నుంచి తెప్పించుకోక తప్పదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం మనం ట్రైనీలమే, వర్కర్లం కాదు. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని కంపెనీకి నియమం లేదు. నాకూ ఇవ్వలేదు. తర్వాత ఇంకో చోట ఇంటర్వ్యూలో మాత్రం, సర్టిఫికెట్ పక్కన పెట్టి, పైన చెప్పిన ఓఓఎస్ కథే చాలాసేపు చెప్పించుకున్నారు.

భయం గురించి కూడా చెప్పాలి. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో పేలుడు జరిగి 17 మంది పోయారు. ఫార్మా అనగానే మా అమ్మకి ఇప్పటికీ గుర్తొచ్చేది అదే. క్యూసీ బిల్డింగ్ ప్లాంటుకి విడిగా ఉంటుందని ఎంత చెప్పినా ఇంట్లో నమ్మరు. పూర్తిగా నమ్మమని నేనూ చెప్పలేను, శాంపిల్స్ కోసం ప్లాంటు వైపు వెళ్లాల్సి వచ్చేది.

మరి చేరమంటానా? మంచి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు చేతిలో ఉంటే అటు వెళ్లడమే మేలు, ఏడాది ఆపి ఇటు రావక్కర్లేదు. సీటు రాక ఖాళీగా ఉండి, గాజువాక, లంకెలపాలెం దగ్గర్లో చుట్టాలుంటే చేరొచ్చు. క్యూసీలోనే స్థిరపడాలనుకునేవాళ్లకి ఇంకా ఉపయోగం. కాంట్రాక్టు మీద సంతకం పెట్టే ముందు హెచ్‌ఆర్‌ని స్టైపెండ్ గురించి కాకుండా, అప్రెంటిస్‌లకి అనలిస్ట్ క్వాలిఫికేషన్ ఇస్తారా, ఎన్నో నెలలో ఇస్తారు అని అడగండి. ఇవ్వరంటే మన పేరు మీద ఒక్క క్రొమాటోగ్రామ్ (హెచ్‌పీఎల్‌సీ ఇచ్చే గ్రాఫ్) కూడా ఉండదు, ఏడాదంతా గ్లాస్‌వేరే. అలాంటి చోట, ఇంటి పక్కనే ఉంటే తప్ప నేనైతే చేరను.