జరగని రీమ్యాచ్: లెనార్డ్ తప్పుకోవడం మేలా, లూయిస్ తప్పుకోవడం మేలా?

గెలిచినవాడు రెండోసారి తలపడకుండా తప్పుకుంటే ఎవరి పేరుకు దెబ్బ? బాక్సింగ్ అభిమానుల్లో ఈ వాదన లేస్తే రెండు పోరాటాలు ప్రస్తావనకు రాక తప్పదు. ఒకటి 1987 ఏప్రిల్ 6న లాస్ వెగాస్‌లో మార్విన్ హాగ్లర్ మీద షుగర్ రే లెనార్డ్ గెలిచిన మిడిల్‌వెయిట్ పోరు. రెండోది 2003 జూన్ 21న లాస్ ఏంజెలెస్‌లో విటాలీ క్లిచ్‌కో మీద లెనాక్స్ లూయిస్ గెలిచిన హెవీవెయిట్ పోరు. రెండు ఫలితాల మీదా అనుమానం మిగిలింది, రెండింటికీ రీమ్యాచ్ జరగలేదు. అయినా ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

ముందు హాగ్లర్ స్కోర్‌కార్డులు చూడాలి. ఒక జడ్జి 115-113తో హాగ్లర్‌కు ఇచ్చాడు, ఇంకొకరు అదే 115-113తో లెనార్డ్‌కు ఇచ్చారు, మూడో జడ్జి ఏకంగా 118-110 లెనార్డ్ అన్నాడు. రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి సాధారణంగా 9 పాయింట్లు కాబట్టి 115-113 అంటే పన్నెండు రౌండ్లలో ఏడు ఒకరివి, ఐదు మరొకరివి. లెనార్డ్ వైపు 115-113 ఇచ్చిన జడ్జి ఒక్క రౌండ్ అటు వేసి ఉంటే ఆ కార్డు 114-114 అయ్యేది. ఒకటి హాగ్లర్‌కు, ఒకటి లెనార్డ్‌కు, ఒకటి సమం. అంటే డ్రా. డ్రా అయితే బెల్టు ఛాంపియన్ దగ్గరే ఉంటుంది, ఛాంపియన్ హాగ్లర్. ఆరున్నరేళ్ల ఏలుబడి ఒక్క మనిషి ఒక్క రౌండ్‌ను చూసిన తీరుతో ముగిసిపోయింది.

ఆ రౌండ్లు పోవడంలో హాగ్లర్ చేజేతులా చేసుకున్నదీ ఉంది. ఎడమచేతి వాటంతో నిలబడి గెలుస్తూ వచ్చినవాడు మొదటి రౌండ్లలో కుడిచేతి వాటానికి మారాడు. లెనార్డ్ వాటిని తేలిగ్గా దక్కించుకున్నాడు. ఆపైన ప్రతి రౌండ్ చివరి అర నిమిషంలో గబగబా గుద్దులు కురిపించి, జడ్జీల కళ్లలో అదే మిగిలేలా చూసుకున్నాడు. పోరు 15 రౌండ్లు కాకుండా 12 కావడం, రింగు పెద్దది కావడం కూడా కాళ్ల కదలికతో బతికే లెనార్డ్‌కే కలిసొచ్చాయి. సరిగ్గా ఇలాంటి చోటే రీమ్యాచ్ అక్కరకొస్తుంది. రెండోసారి హాగ్లర్ మొదటి గంట మోగినప్పటి నుంచే తన వాటంతో మీదికెళ్తే ఏమయ్యేదన్నదే అసలు ప్రశ్న.

హాగ్లర్ ఏ లెక్కనూ వదిలిపెట్టే మనిషి కాదు. 1976లో తనను ఓడించిన బాబీ వాట్స్‌ను, విల్లీ మన్రోను తర్వాత తానూ ఓడించాడు. డ్రా చేసిన షుగర్ రే సీల్స్‌ను, వీటో ఆంటువోఫెర్మోను కూడా వదల్లేదు. 62 గెలుపులు, 3 ఓటములు, 2 డ్రాలున్న ఆ రికార్డులో తేలకుండా మిగిలిన లెక్క లెనార్డ్‌దొక్కటే. పోరు అవగానే లెనార్డ్ రిటైరయ్యాడు. హాగ్లర్ ఏడాదికి పైగా ఎదురుచూసి 1988 జూన్‌లో గ్లోవ్స్ వదిలేసి, ఇటలీ వెళ్లి సినిమాల్లో నటించాడు. అదే ఏడాది నవంబర్‌లో లెనార్డ్ మళ్లీ రింగెక్కి డానీ లలోండ్‌తో తలపడ్డాడు. నాకు మింగుడుపడనిది ఇదే. ఒంట్లో సత్తా లేక తప్పుకున్నవాడిని ఎవరూ వేలెత్తి చూపరు. లెనార్డ్ తప్పుకున్నది బాక్సింగ్ నుంచి కాదు, హాగ్లర్ నుంచి.

లూయిస్ సంగతి వేరు. అనుకున్న ప్రత్యర్థి కిర్క్ జాన్సన్ గాయపడటంతో చివరి రోజుల్లో క్లిచ్‌కో వచ్చాడు. లూయిస్ తూగిన 256.5 పౌండ్లు అతని కెరీర్‌లోనే అత్యధికం. రెండో రౌండ్‌లో తడబడ్డాడు, మూడో రౌండ్‌లో కుడిచేతి దెబ్బతో క్లిచ్‌కో ఎడమ కన్ను పైభాగం చీల్చాడు. ఆరు రౌండ్లయ్యాక డాక్టర్ పోరు ఆపించాడు. అప్పటికి ముగ్గురు జడ్జీల దగ్గరా 58-56తో క్లిచ్‌కోదే పైచేయి. ఇక్కడ నిబంధన కీలకం: గాయం న్యాయమైన గుద్దుతో అయితే అది టెక్నికల్ నాకౌట్, అంటే పోరు కొనసాగించలేనివాడు ఓడినట్టే, స్కోర్‌కార్డులతో పనిలేదు. అదే అనుకోకుండా తలలు ఢీకొని చీలి ఉంటే, అప్పటికే ఆరు రౌండ్లు అయ్యాయి కాబట్టి స్కోర్‌కార్డులే విజేతను తేల్చేవి. గాయం చేసింది లూయిస్ గుద్దే కాబట్టి గెలుపు న్యాయమైనదే. మిగిలిన ఆరు రౌండ్లు లూయిస్‌కు దమ్ము సరిపోయేదా అన్నదే తేలలేదు.

లూయిస్ 2004 ఫిబ్రవరిలో రిటైరయ్యాడు, మళ్లీ తిరిగి రాలేదు. పైగా రీమ్యాచ్ విషయంలో అతని పాత ఖాతా శుభ్రం. తనను రెండో రౌండ్‌లో పడగొట్టిన ఆలివర్ మెకాల్‌ను 1997లో ఓడించాడు. 1999లో ఇవాండర్ హోలీఫీల్డ్‌తో డ్రా అయితే అదే ఏడాది మళ్లీ తలపడి గెలిచాడు. 2001లో హసీమ్ రహ్మాన్ నాకౌట్ చేశాక, ఒప్పందంలోని రీమ్యాచ్ నిబంధన అమలు కోసం కోర్టుకు వెళ్లి మరీ సాధించుకుని, నాలుగో రౌండ్‌లో పడగొట్టాడు. అందుకే క్లిచ్‌కో ఒక్కడి దగ్గర ఆగినా లూయిస్ గొప్పతనాన్ని తగ్గించి మాట్లాడేవాళ్లు తక్కువ.

గెలిచినవాళ్లలో లూయిస్ దారే మేలు, అందులో నాకు సందేహం లేదు. ఓడినవాళ్లలో మాత్రం తీర్పు అంత సులువు కాదు. క్లిచ్‌కోకు కాలం మిగిలింది. 2004లోనే డబ్ల్యూబీసీ (ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్) బెల్టు గెలిచాడు, 2008లో తిరిగొచ్చి మళ్లీ గెలిచాడు, 45 గెలుపుల్లో 41 నాకౌట్లతో ముగించాడు. కానీ ఆ 45లో లూయిస్ స్థాయి పేరు ఒక్కటీ లేదు, అతన్ని అగ్రశ్రేణిలో చేర్చేటప్పుడు వచ్చే అభ్యంతరం అదే. హాగ్లర్‌కు అలాంటి లోటు లేదు. 1985లో థామస్ హర్న్స్‌ను మూడు రౌండ్లలో ముగించిన గెలుపు చాలు. అతను పోగొట్టుకున్నది స్థానం కాదు, జవాబు.

ఆలస్యంగానైనా రీమ్యాచ్ దక్కితే ఏమవుతుందో అదే హర్న్స్ చూపించాడు. 1981లో లెనార్డ్ చేతిలో పద్నాలుగో రౌండ్‌లో ఓడి, ఎనిమిదేళ్లు ఆగి 1989 జూన్‌లో మళ్లీ తలపడి, మూడో రౌండ్‌లో ఒకసారి, పదకొండులో మరోసారి లెనార్డ్‌ను పడగొట్టాడు. ఫలితం డ్రా అన్నారు. హర్న్స్ గెలిచాడని ఆ తర్వాత లెనార్డే ఒప్పుకున్నాడు.