స్కానర్‌లో కోడ్ వచ్చిందని సెన్సర్ కొనకండి: వరద నీరు తాగిన కారుతో నా అనుభవం

గోదావరి జిల్లాల్లో పాత కారు కొనాలనుకుంటున్న వారికీ, ఇప్పటికే కొని చెక్ ఇంజిన్ దీపంతో అవస్థ పడుతున్న వారికీ ఈ హెచ్చరిక రాస్తున్నాను. కారు కంప్యూటరు నమోదు చేసిన లోపాల కోడ్‌లను చదివే స్కానర్ ఒక సెన్సర్ పేరు చూపించినంత మాత్రాన ఆ సెన్సర్ పాడైందని అర్థం కాదు. ఆ తేడా తెలియక నేను మూడు నెలల్లో రూ.9,800 పోగొట్టుకున్నాను. మరో రూ.18,000 కూడా పోవలసిందే, చివరి నిమిషంలో ఆగాను.

ఫిబ్రవరిలో అమలాపురం దగ్గర ఒక బ్రోకరు ద్వారా 2014 నాటి పెట్రోలు కారు కొన్నాను. టైర్లు కొత్తవి, ఇంజిన్ చప్పుడు మెత్తగా ఉంది, మీటరు బోర్డులో ఒక్క హెచ్చరిక దీపమూ వెలగలేదు. మూడో వారంలో అమ్మను పాలకొల్లు ఆసుపత్రికి తీసుకువెళుతూ దిండి దాటి చించినాడ వంతెన ఎక్కాను. రెండు శ్లాబుల మధ్య అతుకు మీద చక్రం ఎక్కి దిగిన క్షణంలోనే ఆర్‌పీఎం ముల్లు సున్నాకు పడిపోయి ఇంజిన్ ఆగిపోయింది. స్టీరింగ్ బిగుసుకుపోయింది, వెనుక ధాన్యం లారీ హారన్ కొడుతోంది. ఎలాగో పక్కకు చేర్చి రెండు నిమిషాలు ఆగి తాళం తిప్పితే, ఏమీ జరగనట్టు స్టార్టయింది.

దగ్గరలో పేరున్న ఒక వర్క్‌షాపులో స్కాన్ చేస్తే పీ0335 అని వచ్చింది. అది పిస్టన్ల కదలికతో తిరిగే ఇంజిన్ ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్‌కు సంబంధించిన కోడ్. క్రాంక్ షాఫ్ట్ ఏ స్థితిలో తిరుగుతోందో ఆ సెన్సర్ చెప్పకపోతే స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో, పెట్రోలు ఎప్పుడు చిమ్మాలో కారు కంప్యూటరుకు తెలియదు కాబట్టి ఇంజిన్ ఆగిపోవడం సహజమే. వారు సెన్సర్ మార్చి రూ.4,200 తీసుకున్నారు. తొమ్మిదో రోజున రాజోలు దారిలో ఒక గోతి దగ్గర మళ్లీ ఆగింది. ఈసారి పీ0335తో పాటు పీ0340 కూడా వచ్చిందని, వాల్వులను తెరిచే కామ్ షాఫ్ట్ సెన్సర్ మార్చి రూ.3,600 తీసుకున్నారు. ఇంజిన్‌లోకి గాలిని వదిలే త్రాటిల్ బాడీ శుభ్రం చేయడానికీ, స్కానింగులకూ కలిపి మరో రూ.2,000 అయింది. కారు కుదుపు వచ్చినప్పుడే ఆగుతోందని నేను ప్రతిసారీ చెప్పాను. ఒక్కరూ బానెట్ లోపల వైరు పట్టుకుని కదిపి చూడలేదు. చివరికి కంప్యూటరే పోయిందనీ, సెకండ్ హ్యాండ్‌ది రూ.18,000కు తెప్పిస్తామనీ అన్నారు. ఎలక్ట్రికల్ సామాను వాపసు తీసుకోబడదన్న బోర్డు కౌంటరు పైనే ఉంది.

అప్పుడు ఒక బంధువు సలహాతో పాలకొల్లులో ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లాను. ముప్పై ఏళ్లుగా లారీలకూ కార్లకూ వైరింగ్ పని చేస్తున్న మనిషి ఆయన. స్కానర్ పెట్టి, కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ కప్లర్‌ను (వైర్లను సెన్సర్‌కు కలిపే ప్లగ్గును) ఊడదీసి, తెర చూడమన్నారు. రోహిణి కార్తె ఎండలో మేమిద్దరం చెమటలు కక్కుతుంటే తెర మీద ఇంజిన్ ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలుగా కనిపించింది. "సెన్సర్ బాగానే ఉంది బాబూ, వైరు తెగితే కంప్యూటరుకు ఇలాగే కనబడుతుంది. అది చెప్పేది సర్క్యూట్ సంగతి, మనం సెన్సర్ అని చదువుకుంటాం" అన్నారు.

తర్వాత క్రాంక్ సెన్సర్ కప్లర్‌ను ఊడదీయకుండానే, వెనుక వైపు నుంచి సన్నని సూది దూర్చి వోల్టులు కొలిచే మల్టీమీటరు పెట్టారు. మా కారులో ఆ సెన్సర్‌కు మూడు వైర్లు ఉన్నాయి: ఒకటి కరెంటు తెచ్చే సప్లై, ఒకటి కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్లే ఎర్త్, ఒకటి కంప్యూటరుకు సమాచారం పంపే సిగ్నల్. సప్లైలో 5 వోల్టులు సరిగ్గా వస్తున్నాయి. ఎర్త్ వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య, ఇంజిన్ నడుస్తుండగా, 0.1 వోల్టు కూడా దాటకూడదు. మొదట 0.03 చూపించింది. ఆయన డ్రైవరు సీటు ముందున్న వైరింగ్‌ను వేళ్లతో కదపగానే అది 1.8కి ఎగబాకి ఇంజిన్ ఆగింది. నాకు ఒక్కసారిగా వంతెన గుర్తొచ్చింది. క్రాంక్, కామ్ సెన్సర్లు రెండింటికీ అక్కడ ఎర్త్ ఒక్కటే. రెండు కోడ్‌లు కలిసి వచ్చినప్పుడే ఉమ్మడి వైరును అనుమానించాలని ఆయన అన్నారు.

కార్పెట్ ఎత్తితే కింద ఎండిపోయిన ఒండ్రు పొర, దానిలో ఒక వరి గడ్డి పరక. వైర్ల అతుకు మీద టేపు విప్పితే రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి, వేలితో తాకగానే పొడిగా రాలాయి. జానెడు వైరు కోసి, కొత్తది సోల్డరింగ్ చేసి, స్లీవ్ తొడిగి ఆయన తీసుకున్నది రూ.900. డిక్కీలో పడి ఉన్న నా పాత క్రాంక్ సెన్సర్‌నే తిరిగి బిగించారు. ఆ రోజు నుంచి కారు ఒక్కసారి కూడా ఆగలేదు.

2022 జూలై వరదల్లో మన లంక గ్రామాలు ఎలా మునిగాయో అందరికీ తెలుసు. ఈ కారు ఎప్పుడు, ఎక్కడ నీళ్లలో నిలిచిందో బ్రోకరు ఇప్పటికీ చెప్పడం లేదు. అందుకే కొనే ముందు తప్పకుండా కార్పెట్ ఎత్తించండి, సీటు బెల్టును చివరి వరకూ బయటికి లాగి మట్టి చార ఉందేమో చూడండి, సీట్ల కింది పట్టాల తుప్పు చూడండి. తాళం తిప్పగానే చెక్ ఇంజిన్ దీపం వెలిగి, ఇంజిన్ స్టార్టయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే ఆ దీపాన్ని ఎవరో పనిచేయకుండా చేశారని అనుమానించాలి. కోడ్‌లు కొత్తగా చెరిపేసిన కారైతే, కారు కంప్యూటరు తన భాగాలను తానే సరిచూసుకునే రెడీనెస్ పరీక్షల్లో చాలావరకు పూర్తి కాలేదని స్కానర్‌లో ఉంటుంది. అటువంటి కారును కనీసం ఒక రోజంతా గతుకుల రోడ్డు మీద తిప్పనిదే అడ్వాన్సు ఇవ్వకండి.

కోడ్ చూసి సెన్సర్ మార్చాలని ఎవరైనా అంటే, సప్లై ఎంత వచ్చింది, ఎర్త్‌లో ఎంత పోతోంది, కదిపి చూశారా అని అడిగి, ఆ అంకెలు బిల్లు వెనుక రాయించుకోండి. మార్చిన పాత సెన్సర్‌ను అక్కడ వదిలి రాకండి. నాకు ఆధారంగా మిగిలిన వాటిలో అదీ ఒకటి.

బిల్లులు, కార్పెట్ కింద తీసిన ఫొటోలు, మీటరు అంకెలు అన్నీ పెట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తున్నాను. రెండేళ్ల గడువు ఉంది, రూ.5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. జాతీయ హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెప్పవచ్చు. ఇదే తీరు మీకూ ఎదురై ఉంటే, మీ బిల్లులను పారేయకుండా దాచి ఉంచండి.