లాంగ్వేజ్ మోడల్‌నే ఫంక్షన్‌గా వాడాలా, ఫంక్షన్‌ను పిలిచే పనికి వాడాలా: ఏది మేలు?

ప్రోగ్రామింగ్ భాషల్లో ముందే అమర్చి ఉండే గణిత ఫంక్షన్ల (ఇచ్చిన విలువకు లెక్క చేసి ఫలితం చెప్పే చిన్న ప్రోగ్రాంల) పనిని లాంగ్వేజ్ మోడల్‌తో, అంటే పాఠ్యం చదివి నేర్చుకుని పాఠ్యం రాసే ఏఐతో, చేయించవచ్చా అన్న ప్రశ్న నాకు తరచుగా ఎదురవుతోంది. "నీవు పైథాన్‌లోని రౌండ్ ఫంక్షన్‌వి, ఫలితం మాత్రమే చెప్పు" అని ఆదేశించి నేరుగా జవాబు తీసుకోవడం ఒక పద్ధతి. లెక్కను మెట్టుమెట్టుగా రాయించడం రెండోది. మోడల్‌తో ఫంక్షన్ పిలుపును (ఫంక్షన్ పేరు, దానికి పంపే విలువ ఉన్న కోడ్ వరుసను) మాత్రమే రాయించి, దాన్ని ఇంటర్‌ప్రెటర్‌లో, అంటే కోడ్‌ను అమలు చేసే ప్రోగ్రాంలో, నడపడం మూడోది. విలువల పట్టికను ప్రాంప్ట్‌లోనే (మోడల్‌కు ఇచ్చే ఆదేశంలోనే) పెట్టేవారూ ఉన్నారు గానీ, పట్టికలో లేని విలువ అడిగితే దాని ప్రయోజనం అక్కడితో సరి.

మొదటి పద్ధతి బలహీనత పెద్ద గుణకారాల్లో తేలిగ్గా కనిపిస్తుంది. 4837ను 9261తో గుణిస్తే 44795457 వస్తుంది. మనం కాగితం మీద కుడి నుంచి ఎడమకు వెళ్తూ, చేతిలో ఉంచుకున్న అంకెను పక్క స్థానంలో కలుపుతాం. మోడల్ మాత్రం జవాబును ఎడమ నుంచి రాసుకుంటూ వస్తుంది కనుక మధ్య అంకెలు తప్పిపోయే ప్రమాదం ఎక్కువ. రెండో పద్ధతిలో ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

అయితే నా దృష్టిలో అసలు విషయం లెక్క సరిగ్గా రావడం కాదు, ఆ ఫంక్షన్ ఇచ్చే ఫలితమే రావడం. 2.5ను రౌండ్ చేస్తే, అంటే దగ్గరి పూర్ణసంఖ్యకు కుదిస్తే, పైథాన్ 3లో సరిసంఖ్య వైపు మొగ్గి 2 వస్తుంది, జావాస్క్రిప్ట్‌లో 3 వస్తుంది, అదే -2.5 అయితే ఆ రెండూ -2 ఇస్తాయి, సి భాష -3 ఇస్తుంది. పేరొక్కటే అయినా నిర్వచనాలు వేరు, మోడల్ చదివిన పాఠ్యంలో ఇవన్నీ కలగలిసి ఉంటాయి. 2.675ను రెండు దశాంశాలకు కుదించమంటే, బడిలో నేర్చిన లెక్క ప్రకారం 2.68 అనాలి, పైథాన్ 2.67 ఇస్తుంది, ఎందుకంటే బైనరీ రూపంలో నిల్వ అయ్యే విలువ 2.675 కన్నా లేశమాత్రం తక్కువ. ఇక్కడ మెట్టుమెట్టుగా చక్కగా లెక్కించిన మోడలే తప్పు జవాబు చెబుతుంది.

పైగా ఆ తప్పు బయటపడదు. -1కి వర్గమూలం అడిగితే పైథాన్ మ్యాథ్ మాడ్యూల్ వాల్యూ ఎర్రర్ చూపి ఆగుతుంది. మోడల్ ఇచ్చే తప్పు సంఖ్య మాత్రం ఒప్పు సంఖ్యలాగే కనిపిస్తుంది. అందుకే ఇటీవల నా పనికి మూడో పద్ధతినే ఎంచుకున్నాను. ఫంక్షన్ ప్రవర్తనను నేర్చుకునేవారికి రెండో పద్ధతిలోని వివరణ ఉపయోగపడుతుందని ఒప్పుకుంటాను, కానీ ఫలితం మరో ప్రోగ్రాంలోకి వెళ్లేటప్పుడు దాని మీద ఆధారపడలేం. మూడో పద్ధతిలోనూ పొరపాట్లు జరుగుతాయి: పైథాన్ సైన్ ఫంక్షన్ కోణాన్ని డిగ్రీల్లో కాక రేడియన్లనే మరో కొలతలో తీసుకుంటుంది, 30 డిగ్రీల సైన్ అడిగితే మోడల్ రేడియన్లలోకి మార్చకుండా 30నే పంపవచ్చు, అప్పుడు 0.5కు బదులు -0.988 వస్తుంది. కానీ ఆ పిలుపు రాసి ఉంటుంది కాబట్టి, ఏం పంపిందో చదివి అక్కడే దిద్దుకోవచ్చు.