కోర్టు మెట్లా, నడిచే రోడ్డా?

అమెరికాలో నల్లజాతివారు హక్కుల కోసం రెండు దారులు తొక్కారు: ఒకటి కోర్టు, రెండోది రోడ్డు. 1954లో బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిదిమందీ ఒక్కమాటగా, బడుల్లో నల్ల, తెల్ల పిల్లలను వేరుచేసే జాతి వేర్పాటు చెల్లదన్నారు. గొప్ప తీర్పే, కానీ అమలుకు గడువు పెట్టలేదు. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ అయితే పిల్లలను కలిపి కూర్చోబెట్టడం ఇష్టంలేక 1959లో ప్రభుత్వ బడులకే తాళాలు వేసింది. 1964 దాకా తీయలేదు. పోయిన ఆ చదువు ఎవరు తిరిగిస్తారు?

అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో 1955 డిసెంబరులో, బస్సులో తెల్లవాళ్లకు సీటు వదలనన్న నల్లజాతి మహిళ రోజా పార్క్స్ అరెస్టయ్యాక నల్లజాతి జనం 381 రోజులు బస్సెక్కలేదు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు మైళ్లకొద్దీ నడిచారు, లేదంటే తెలిసినవాళ్ల కార్లలో సర్దుకున్నారు. చివరికి బస్సుల్లో నల్లవాళ్లను వేరుగా కూర్చోబెట్టే ఆ చట్టాన్ని కొట్టేసిందీ కోర్టే, 1956లో. అయినా నా మొగ్గు నడిచినవాళ్ల వైపే. తీర్పు నవంబరులో వచ్చినా, ఉత్తర్వు ఊరికి చేరిన డిసెంబరు 20 దాకా వాళ్లు నడుస్తూనే ఉన్నారు.